తాత పాటలో ఒకటిన్నర సెకను

గుడి జీర్ణోద్ధరణ గురించి చెప్పేటప్పుడు వీడియోలో టైం సరిపోక ఒక ప్రశ్న వదిలేశాం. పాడైనదాన్ని బాగుచేస్తూ పోతే ఎక్కడిదాకా అది పాతదే అనుకోవాలి? నాకు ఈ ప్రశ్న గుళ్లో రాలేదు, క్యాసెట్ విప్పినప్పుడు వచ్చింది.

మాది దామరచర్ల. కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి మా మండలంలోదే. కార్తీక మాసంలో అక్కడి భజనల్లో మా తాత పాడేవాడు. తొంభైల్లో ఎవరో ఆయన పాటని ఒక సినిమా పాటల క్యాసెట్ మీద రికార్డు చేశారు. (క్యాసెట్ అంచున ఉండే గాటు మీద ప్లాస్టర్ అంటిస్తే కొన్న క్యాసెట్ మీద కూడా రికార్డు అయ్యేది. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, నవ్వుతారు.) తాత పోయాక మిగిలిన గొంతు అదొక్కటే.

ఈమధ్య దాన్ని బయటికి తీస్తే, రీలుని హెడ్‌కి ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉంది. ఒకచోట రీలు నలిగి చీలికలైంది. అయిదు స్క్రూలు విప్పి వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చా. చెక్కముక్కలో రీలు పట్టేంత గాడి చెక్కి, నలిగిన ముక్కని బ్లేడుతో ఏటవాలుగా కోసేసి, స్ప్లైసింగ్ టేపుతో అతికించా. మామూలు సెల్లో టేపు మాత్రం వాడకండి, జిగురు కారి పక్క చుట్టకి అంటుకుంటుంది. కోసింది సుమారు 7 సెంటీమీటర్లు. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే పోయింది ఒకటిన్నర సెకను. కానీ అది పల్లవిలో పోయింది.

డొక్కు శరీరం, పాట ఆత్మ అనుకోవచ్చు. గీత రెండో అధ్యాయంలోని పాత బట్టల పోలిక మనకి వెంటనే గుర్తొస్తుంది. కానీ ఆత్మని కత్తి కోయలేదు అని కూడా అక్కడే ఉంది. ఈ పాటని మామూలు బ్లేడు కోసింది. రీలు మీది ఐరన్ ఆక్సైడ్ పొడిలో అయస్కాంతత్వం ఏ వరసలో ఉందో ఆ వరసే పాట. కాబట్టి ఇక్కడ ఆ పోలిక కుదరదు.

కోసిన చోట పాట ఎగిరిపోతుంటే నాయనమ్మ ఊరుకోలేదు. "మీ తాత నడుమల ఆగేటోడు గాదు బిడ్డా, మంచిగ అతికియ్యి" అంది. అతికించొచ్చు. అదే పల్లవి తర్వాత మళ్లీ వస్తుంది. లాప్‌టాప్‌లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి ఒకటిన్నర సెకను తెచ్చి ఇక్కడ పెట్టి, మొత్తం కొత్త రీలు మీదకి రికార్డు చేస్తే చాలు. గొంతు ఆయనదే, మాట ఆయనదే. కానీ ఆ క్షణంలో ఆయన అలా పాడలేదు. ప్రతి అక్షరం నిజమే, కలిపితే జరగని పాట.

నాకు దారి చూపించింది ఆగమమే. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి 28 దాకా భక్తులు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు. గుడి చుట్టూ ఎంత మారిందో అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు. జీర్ణోద్ధరణలో రాయి మార్చడం తప్పు కాదు, కానీ ముందు దేవుడి అనుమతి అడుగుతారు, అందరి ముందూ చేస్తారు. మార్పు దాస్తేనే అది అబద్ధమవుతుంది అని నాకు అనిపించింది.

అందుకే నాయనమ్మకి అతికించిన పాటే ఇచ్చా. ఆమె వినేది భర్తని, రికార్డుని కాదు. డబ్బాలో కాగితం మీద ఎక్కడ ఏం తెచ్చి కలిపానో రాసి పెట్టా. తెగిన అసలు క్యాసెట్ అలాగే ఉంది, మా పిల్లలకి కావాలంటే ఆ ఖాళీ కూడా దొరుకుతుంది.

పోయిన ఆదివారం ఆమె ఇంకోటి అడిగింది. తాత పొద్దున్నే పాడే మంగళహారతి ఒకటి ఉండేదట, ఎవరూ రికార్డు చెయ్యలేదు. "ఇప్పుడు ఫోన్ల గొంతులు తయారుజేస్తున్నరంట గదా, అదొక్కటి పాడియ్యరాదూ?" అంది. చెయ్యడం తెలుసు, ఒక సాయంత్రం పని. కానీ అక్కడ తెచ్చి కలపడానికి ఆయన పాడిన ముక్క ఒక్కటి కూడా లేదు. ఆమెకి ఎనభై దాటాయి. ఇంకా ఏ జవాబూ చెప్పలేదు.