లంగరు వేయడం కూడా సాధనే



గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు ‘యుక్తాహార విహారం’ అంటాడు కదా. ఆహారం సంగతి మనకి బాగానే తెలుసు. విహారం సంగతే నాకు చాలాకాలం అర్థం కాలేదు. అది అర్థమైంది అలెప్పీలో, ఒక హౌస్‌బోట్ మీద. ఆ కథ వీడియోలో చెప్పడానికి మొహమాటం వేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పోయిన జనవరి. మూడు నెలలు రిలీజ్ పనిలో నలిగిపోయి, ముగ్గురు ఫ్రెండ్స్‌తో కేరళ బయల్దేరాను. "రెండు రోజులు నాకు ఏదీ అంటదు, తామరాకు మీద నీటిబొట్టే" అని టీమ్‌లో డైలాగ్ కొట్టి ఫోన్ ఆఫ్ చేశా. నా పని ఎవరు చూడాలో, ఏదైనా ఆగిపోతే ఏం చేయాలో మాత్రం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం బోటెక్కాం. ఈ హౌస్‌బోట్లకి మూలం కెట్టువళ్ళం అనే పాతకాలం సరుకుల పడవ. మేకులు కొట్టకుండా చెక్క పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టి చేసేవారు, వాటిలో బియ్యం మోసేవారు. ఇప్పుడు అందులోనే ఇంజన్, ఏసీ గదులు. మెల్లగా కాలవల్లోంచి వెంబనాడ్‌లోకి వెళ్లాం. మన దేశంలో అన్నిటికన్నా పొడవైన సరస్సు అది. పక్కనే కుట్టనాడ్. అక్కడ వరి పొలాలు సముద్రమట్టం కంటే కిందుంటాయి, పడవలో కూర్చుని పొలంలోకి కిందకి చూడాలి! ముందు నీళ్లు, పక్కన కొబ్బరి చెట్లు, తలలో ఒక్క ఆలోచన లేదు. వైరాగ్యం అంటే ఇదేరా అనుకున్నా.

సాయంత్రం ఐదున్నరకి బోటు ఆగింది. ఒడ్డున కొబ్బరి చెట్టుకి తాడు కట్టేశారు. మేమేమో వెన్నెల్లో సరస్సు మధ్య తిరుగుదామని ప్లాన్ వేసుకుని ఉన్నాం. "చేట్టా, 21 గంటలకి డబ్బులు కట్టాం, నడిపింది ఐదు గంటలేగా, ఇంకొంచెం తిప్పండి" అని వాదించా. డ్రైవర్ కోప్పడలేదు. దూరంగా బయల్దేరుతున్న చిన్న పడవల్ని చూపించి, సగం తమిళం, సగం ఇంగ్లీషులో విషయం చెప్పాడు. రాత్రి వాళ్లు వలలు వేస్తారు. మా ప్రొపెల్లర్ తగిలితే వల చిరిగిపోతుంది, వాళ్ల సంపాదన పోతుంది. అందుకే సాయంత్రానికి హౌస్‌బోట్లన్నీ ఆగాల్సిందే. "పగలు మీరు తిరిగారు కదా సార్, ఇప్పుడు నీళ్లు వాళ్లవి" అన్నాడు.

మొహం మాడ్చుకుని కూర్చున్నా. ఏం తోచక ఫోన్ ఆన్ చేశా.

ముందు రోజు రాత్రి నేను రాసిన కోడ్‌లోనే సమస్య వచ్చింది. ఆరు నెలల క్రితం చేరిన కుర్రాడు తెల్లారేదాకా ఒక్కడే కూర్చున్నాడు. ఆ రాత్రే వాడు ఊరికి బస్సెక్కాలి. పొద్దున వాడి చెల్లి నిశ్చితార్థం. వెళ్లలేకపోయాడు. నాకు పెట్టిన మెసేజ్ మాత్రం ఇది: "అన్నా, మీరు ఎంజాయ్ చేయండి, ఎలాగోలా సర్దాను." తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

వల చిరిగింది. చించింది నేనే.

ఆ రాత్రి గీత గురించి ఆలోచిస్తూ ఉంటే రెండు విషయాలు తట్టాయి. నేను గొప్పగా వాడిన తామరాకు పోలిక ఐదో అధ్యాయంలోది. అక్కడ కృష్ణుడు చెప్పేది పని వదిలేసి పోయినవాడి గురించి కాదు. ఆసక్తి వదిలి, పని చేస్తూ ఉన్నవాడి గురించి. సగం మాటే పట్టుకుని నా బద్ధకానికి వైరాగ్యం అని పేరు పెట్టుకున్నా. రెండోది, రెండో అధ్యాయంలోని పడవ. ఇంద్రియాల వెంట పోయే మనసు, గాలి పడవని లాక్కుపోయినట్టు వివేకాన్ని లాక్కుపోతుందని అంటాడు. చెడ్డ కోరికలే గాలి అనుకునేవాణ్ణి. ‘నాకు రెస్ట్ కావాలి’ అనే న్యాయమైన కోరిక కూడా గాలి కాగలదు.

అలాగని ఎప్పుడూ ఫోన్ పట్టుకునే ఉండాలా? లేదు. కృష్ణుడు విహారం మానేయమనలేదు, యుక్తంగా ఉండమన్నాడు. ‘యుక్తం’ అంటే తగినంత అని చెప్పుకుంటాం. కానీ ఆ మాట పుట్టింది ‘కలపడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి. నాకు తోచింది ఇది: పక్కవాడి బతుకుతో కలిసి కుదిరేదే యుక్తమైన విహారం. ఒక్క జూనియర్ మీద అంత భారం పడేలా పని నడపడం ఆఫీసు తప్పు కూడా. ఐనా నా వంతు నాదే.

పంచుకోవడం తేలికని కూడా అనను. అదే సరస్సు మీద తన్నీర్‌ముక్కం దగ్గర అడ్డుకట్ట ఉంది. వరిలోకి ఉప్పునీళ్లు రాకుండా కొన్ని నెలలు షట్టర్లు దించుతారు. దించితే చేపల రాకపోకలు ఆగిపోతాయని మత్స్యకారుల బాధ, తొందరగా ఎత్తితే పైరు పోతుందని రైతుల భయం. ఇద్దరిదీ ఆకలే. అందుకే వంతు ఎవరిదో ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి.

పొద్దున్నే వాడికి ఫోన్ చేసి సారీ చెప్పా. "పర్లేదన్నా" అన్నాడు. కానీ చెల్లి నిశ్చితార్థం మళ్లీ రాదు, అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు. తప్పు నాదని మేనేజర్‌కి మెయిల్ పెట్టా. ఇప్పుడు లీవ్‌కి ముందు ఒక పేజీ రాసి, ఎవరికి అప్పగిస్తున్నానో వాళ్లతో కూర్చుని మాట్లాడి, వాళ్లకి ఆ రోజులు కుదురుతాయో లేదో అడిగాకే ఫోన్ ఆఫ్ చేస్తున్నా. అదే నా లంగరు.

మీరూ ఈసారి ట్రిప్‌కి బ్యాగ్ సర్దేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. ఇంట్లో అమ్మ కావచ్చు, రూమ్మేట్ కావచ్చు, ఆఫీసులో కొత్త కుర్రాడు కావచ్చు. మీ దారిలో ఎవరి వల ఉంది?

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.