ఆ ఒక్క వాక్యం ఎవరిది?

సిసీలియా పేన్ 1925లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఒక వాక్యం ఉంది. నక్షత్రాల్లో హైడ్రోజన్ అంత అపారంగా ఉన్నట్టు లెక్కల్లో తేలినా, అది దాదాపు ఖాయంగా నిజం కాదని దాని సారాంశం. లెక్కలు కట్టిందీ ఆమే, వాటిని నమ్మొద్దన్నదీ ఆమే. నేను సాహిత్య విద్యార్థిని కాబట్టి కాబోలు, ఆమె కనుక్కున్న విషయం కన్నా ఈ వాక్యమే నన్ను ఎక్కువగా వెంటాడుతోంది.

అప్పటికామెకు పాతికేళ్లు. కేంబ్రిడ్జ్‌లో చదువు పూర్తిచేసినా పట్టా ఇవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలివ్వడం 1948లో గానీ మొదలుకాలేదు. 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్ అబ్జర్వేటరీలో చేరింది. ఏనీ జంప్ కానన్ లాంటి స్త్రీలు ఏళ్ల తరబడి కళ్లు పోగొట్టుకుని వర్గీకరించిన వర్ణపటాల గాజు పలకలు అక్కడున్నాయి. వాటికి మన మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సూత్రాన్ని జోడించింది. వర్ణపటంలో ఒక గీత బలంగా కనిపించినంత మాత్రాన ఆ మూలకం ఎక్కువున్నట్టు కాదు, అందులో ఉష్ణోగ్రత పాత్ర చాలా ఉంది. ఆ లెక్క సరిచేశాక సిలికాన్ వంటివి దాదాపు భూమ్మీది పాళ్లలోనే వచ్చాయి. హైడ్రోజన్ మాత్రం లోహాల కన్నా ఇంచుమించు పది లక్షల రెట్లు వచ్చింది.

వ్యాసం చూసిన ఆనాటి పెద్ద, హెన్రీ నారిస్ రస్సెల్, అది అసాధ్యమన్నాడు. సూర్యుడిలోనూ భూమిలోనూ ఒకే పదార్థం ఒకే పాళ్లలో ఉంటుందని ఆయన నమ్మకం. ఆ వాక్యం వచ్చి చేరింది.

దీన్ని పిరికితనం అనడం తేలిక. ఆ ఒత్తిడికి ఆమె బలైందనడం ఇంకా తేలిక, మనం సాధారణంగా చేసేదదే. కానీ సందేహం శాస్త్రంలో సుగుణం కూడా. గీతలు ఎలా ఏర్పడతాయన్న సిద్ధాంతం అప్పటికింకా పచ్చిగానే ఉంది. పైగా ఆమె అంకెల్ని తీసేయలేదు, పట్టికలో ఉంచే నమ్మొద్దంది. వాక్యం వదులుకుని అంకెలు కాపాడుకోవడం నిజాయితీయేనా? పూర్తిగా కాదనే నా అభిప్రాయం. ఆమె అభిప్రాయమూ అంతే. తను సరిగ్గా ఉన్నానని తెలిసీ అధికారానికి లొంగిపోవడం తన తప్పేనని ఆత్మకథలో ఒప్పుకుంది. ఆ నిందని ఆమె చేతుల్లోంచి లాక్కునే హక్కు మనకి లేదు.

నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. రస్సెల్ 1929లో మరో దారిలో అదే నిర్ణయానికొచ్చాడు. ఆమె పనిని ప్రస్తావించాడు కూడా. చాలాకాలం ఘనత మాత్రం ఆయన ఖాతాలోనే పడింది. నాలుగేళ్లు పొరబడినందుకు ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు. ఆమె పట్టుబట్టి, తర్వాత ఆ లెక్క తప్పని తేలుంటే? పరాయి దేశంలో పట్టా లేని ఆడపిల్లకి రెండో వ్యాసం రాసే అవకాశం దక్కేదా? పొరబడే హక్కు కూడా ఆస్తిలాంటిదే, అందరికీ వాటా రాదు. డాక్టరేట్ కూడా ఆమెకు హార్వర్డ్ ఇవ్వలేదు, పక్కనున్న మహిళా కళాశాల రాడ్‌క్లిఫ్ ఇచ్చింది. పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయింది 1956లో.

ఇప్పుడు ఖగోళ భౌతికశాస్త్రంలో పోస్ట్‌డాక్ అంటే రెండు మూడేళ్ల ఒప్పందం, ఆ తర్వాత మరో దేశం. ప్రతి మలుపులోనూ పెద్దలు రాసే సిఫారసు ఉత్తరాలే దిక్కు. మన సాహిత్య శాఖల్లో గైడ్ సంతకం కోసం తిరిగిన ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు. మన థీసిస్‌లలో ‘బహుశా’లు ఎన్ని సందేహంతో రాసినవో, ఎన్ని సంతకం కోసం రాసినవో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?