బండి నంబరు పోలీసులకి చెబితే అది చాడీయా?

పోయిన వీడియోలో భగవద్గీత 16వ అధ్యాయం, దైవీ సంపద గురించి చెప్పుకున్నాం కదా. అందులో సత్యం, అక్రోధం, దయ లాంటి పెద్ద మాటల మధ్య 'అపైశునం' అని ఒకటి వస్తుంది. వాడుకలో చెప్పాలంటే, చాడీలు చెప్పకపోవడం. ఒకరి లోపాన్ని ఇంకొకరి దగ్గర బయటపెట్టడం పైశునం, అది లేకపోవడం అపైశునం అని శంకరాచార్యులవారి భాష్యం.

మరి రోడ్డు మీద ఎవరో ప్రమాదకరంగా నడుపుతుంటే, నంబరు చూసి పోలీసులకి చెప్పడం ఏమవుతుంది? అక్షరాలా చూస్తే అదీ ఒకరి లోపాన్ని మరొకరికి చెప్పడమే!

ఇది నాకు ఊరికే పుట్టిన డౌట్ కాదు. ఆ మధ్య విజయవాడలో పెళ్ళి చూసుకుని రాత్రిపూట హైదరాబాద్ వస్తున్నాం. బావ డ్రైవింగ్, పక్కన నేను, వెనక పిన్ని. సూర్యాపేట దాటాక ముందు ఒక తెల్ల కారు. డివైడర్ దాకా వెళ్తోంది, మళ్ళీ ఎడమ అంచుకి వచ్చేస్తోంది. ఒక బైక్ మీద భార్యాభర్తలు, మధ్యలో పాప. ఆ కారు మీదికి వచ్చేస్తుంటే వాళ్ళు మట్టిలోకి దిగిపోయారు. బావ స్పీడ్ తగ్గించి దూరం ఉంచాడు. నేను 112కి చేశాను. ఏ హైవే, ఎటువైపు వెళ్తోంది, ఏం దాటాం అని అడిగారు. రాబోయేది కొర్లపహాడ్ టోల్‌గేట్ అని చెప్పాను.

పిన్నికి నచ్చలేదు. "మనకెందుకు నాన్నా? అతనికీ ఇంట్లో పిల్లలుంటారు. పాపం తగులుతుంది" అంది.

పిన్ని మాటని తేలిగ్గా కొట్టేయలేం. ఆమెది భయం కాదు, జాలి. కానీ ఆ జాలి కారులో ఉన్న మనిషి దగ్గరే ఆగిపోయింది, బైక్ మీద పాప దాకా వెళ్ళలేదు.

సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకి సభంతా తలదించుకుంటే, విదురుడు లేచి ఒక పాత కథ చెబుతాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడనే బ్రాహ్మణుడికీ ఎవరు గొప్ప అని ప్రాణాలు పందెం. తీర్పు చెప్పాల్సింది ప్రహ్లాదుడే. (అవునండీ, మన నరసింహస్వామి కథలో పిల్లాడే, ఇక్కడ తండ్రి.) తెలిసీ నోరు విప్పనివాడికి వెయ్యి వరుణపాశాలు చుట్టుకుంటాయని కశ్యపుడు ఆయనకి చెబుతాడు. అడ్డుచెప్పకుండా కూర్చున్న సభ్యులకి ఆ పాపంలో పాతిక వంతు వస్తుందట. ప్రహ్లాదుడు కొడుక్కి వ్యతిరేకంగానే నిజం చెప్పాడు. అది మెచ్చి సుధన్వుడు ఆ కొడుకు ప్రాణం తిరిగి ఇచ్చేశాడు.

నాకు ఇక్కడ ముఖ్యం అనిపించింది ఆయన ఎక్కడ చెప్పాడన్నది. తీర్పు అడిగిన చోట చెప్పాడు, వీధుల్లో చెప్పుకు తిరగలేదు. విదురుడూ అంతే, ఆపగల ధృతరాష్ట్రుడి ఎదుటే మాట్లాడాడు. ఆపగలిగినవాళ్ళకి, ఆపడానికి పనికొచ్చేంత వరకే చెబితే అది రక్షణ. అదే మాట ఆపలేనివాళ్ళ చెవుల్లోకి, వినోదం కోసం వెళ్తే పైశునం. నిజం ఒకటే, వెళ్ళే చోటు వేరు.

ఇంకోటి, చూసినదే చెప్పాలి. బావ పక్కనుంచి "తాగాడని చెప్పు, త్వరగా వస్తారు" అంటున్నాడు. తాగాడో లేదో మాకెలా తెలుసు? నిద్ర తూగుతుండొచ్చు. షుగర్ ఒక్కసారిగా పడిపోయినా మనిషి అలాగే నడుపుతాడు. అప్పుడు ఆ ఫోన్ అతని ప్రాణానికే అవసరం! పిన్ని మెత్తబడింది కూడా ఈ మాటకే, బాబాయికి షుగర్ ఉంది మరి. ఫోన్ చూస్తూ నడుపుతున్నా వదిలేయక్కర్లేదు. 2019 సవరణ తర్వాత బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం కూడా మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగే. జాతీయ రహదారి మీదైతే 1033 హెల్ప్‌లైన్ కూడా ఉంది. కాకపోతే ఫోన్ చేసేది పక్క సీట్లో వాళ్ళు అయ్యుండాలి, లేదా బండి పక్కకి ఆపుకోవాలి.

కోపం మాటేంటి అంటారా? మనల్ని కట్ కొట్టి వెళ్ళాడన్న కసితో నంబరు నోట్ చేసుకుంటే అక్రోధం పోయినట్టే. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఆ కారులో మా అన్నయ్యే ఉన్నా ఈ ఫోన్ చేస్తానా? చేస్తాను అనిపిస్తే చేసేయడమే.

టోల్‌గేట్ దగ్గర ఏం జరిగిందో మాకు తెలీదు. టీకి ఆగాం, ఆ కారు మళ్ళీ కనపడలేదు. నా ఫోన్‌లో నలభై సెకన్ల వీడియో ఉంది. పోలీసులు అడిగితే ఇద్దామని ఓ నెల ఉంచి, తర్వాత తీసేశాను. ఫ్యామిలీ గ్రూపులో పెట్టలేదని బావకి ఇప్పటికీ కోపమే.