ముందు పడిన మంచు

నవంబర్ నడిమి రోజులు. అమెరికాలోని మోంటానాలో, బోజ్‌మన్ ఊరికి దక్షిణాన ఉన్న హయలైట్ లోయ. చలి ముదరకముందే అక్కడి జలపాతాలు గడ్డకడతాయి. అందుకే మంచుగోడలు ఎక్కేవాళ్లు ఏటా ముందుగానే అక్కడికి చేరతారు. ఆ ఉదయం ఇద్దరు స్నేహితులు, ఒకామె, ఒక కుర్రాడు, బయల్దేరారు. ఆమె ఏళ్లుగా మంచుగోడలు ఎక్కుతున్న మనిషి. కుర్రాడికి స్కీయింగ్ అంటే ప్రాణం.

దారి పొడుగునా ఎండుగడ్డి, రాళ్లే. పైన ఉత్తరం వైపు నీడలో ఒక్క వాలు మాత్రం తెల్లగా నిండుగా ఉంది. జలపాతానికి దారి దాని మీదుగానే.

"లోయ మొత్తానికి మంచు ఇక్కడే ఉంది. మన కోసమే దాచిపెట్టినట్టుంది!" అన్నాడు కుర్రాడు.

"ఎప్పటినుంచి దాచిందో చూద్దాం" అంటూ ఆమె వాలు కొలిచింది. 38 డిగ్రీలు. 30 దాటితే చాలు, మంచు పలక జారగలదు. అంచున పారతో గుంట తీసింది. పైన గాలి తోసుకొచ్చి పేర్చిన గట్టి పలక, జానెడు మందం. దాని కింద అక్టోబర్‌లో పడిన మంచు. గుప్పెడు తీసి పిసికింది. ముద్ద కాలేదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"కింద నేల వెచ్చగా, పైన రాత్రులు చలిగా ఉంటే పల్చటి మంచు ఇలా పలుకులైపోతుంది. ఎండ తగిలినచోట కరిగిపోయింది, నీడలో మిగిలింది. కొత్త మంచంతా ఇప్పుడు దీనిమీదే నిలబడి ఉంది."

"అంతా కలిపినా మోకాలి లోతు లేదు. ఇందులో ఏం మునుగుతాం?"

"మునగక్కర్లేదు. కిందికి చూడు." వాలు చివర రాళ్లు, చెట్ల మోళ్లు. "జనవరిలో అవన్నీ మంచు కింద ఉంటాయి. ఇవాళ జారితే వాటిమీదే పడతాం."

వెనక్కి తిరిగి, కింద అడవిలో ఉన్న చిన్న మంచుగోడ ఎక్కారు. సాయంత్రం కారు దగ్గరికి వచ్చేసరికి మరో జట్టు అదే వాలు దాటి, జలపాతం ఎక్కి, నవ్వుకుంటూ దిగింది. కుర్రాడి మొహం మాడిపోయింది.

"చూశావా, ఏం కాలేదు. అనవసరంగా భయపడ్డాం."

"బతికొచ్చారు, సంతోషం. ఆ పలుకులు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి" అందామె.

నీతి: క్షేమంగా దిగిరావడం వాలు గట్టిదనడానికి సాక్ష్యం కాదు. పలక తెగే చోట ఆ రోజు ఎవరి కాలూ పడలేదు, అంతే. మంచుచరియల్లో చిక్కుకునేవారిలో నూటికి 90 మంది విషయంలో పలకను తెంచింది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో. ఇందులో నాకు భయం కన్నా ధైర్యమే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే పలకను తెంచే ఆ అడుగు వేయకుండా ఉండటం మన చేతుల్లోనే ఉంది. మంచులో చిక్కుకున్నవాళ్లను వెతికి తీసే బీకన్, ప్రోబ్, పార తప్పకుండా వెంట ఉండాలి. కానీ పూడుకుపోయిన మనిషిని మొదటి 10 నిమిషాల్లో తీయకపోతే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. రాళ్లకు కొట్టుకున్నవాడికి ఆ 10 నిమిషాలు కూడా ఉండకపోవచ్చు. కాబట్టి ఆ కొండల్లో తిరిగేవాళ్లు కొత్త మంచు కప్పేయకముందే, పాత మంచు ఏయే వాలుల మీద నిలిచిందో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. నడిచలికాలంలో అన్ని వాలులూ ఒకేలా కనిపిస్తాయి. ఎక్కడ పారతో తవ్వి చూడాలో అప్పుడు చెప్పేవి ఆ ఫొటోలే.