తెలిసినవాడి సాక్ష్యం

కిందటి సంక్రాంతికి రణస్థలం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని ఉంటే మా పెద్ద మావయ్య అడిగాడు: "ఏటి అల్లుడూ, నువ్వు ఇంజినీరువి కదా. ఆ కొవ్వాడలో కడతామంటన్నారు, అది మంచిదేనేటి?"

నేను రాసేది డబ్బు లావాదేవీల సాఫ్ట్‌వేర్. చదివింది మెకానికలే గానీ, థర్మోడైనమిక్స్ రెండోసారి రాస్తే తప్ప పాసవ్వలేదు. అయినా ఏమాత్రం తడుముకోకుండా "ఏం పర్లేదు మావయ్యా, ఇప్పుడు టెక్నాలజీ చాలా మారిపోయింది" అనేశాను. ఆయన తలూపాడు. ఆ తలూపడమే నన్ను ఇబ్బంది పెట్టింది. సముద్రానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో పొలం ఉన్న మనిషి, నా డిగ్రీని చూసి నా మాట నమ్మాడు. నేను చెప్పింది అబద్ధమని అనను. నిజమో కాదో నాకే తెలీదు. ఆ తెలీకపోవడాన్ని మాత్రం చెప్పలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక, ఈ ప్రశ్నని వృత్తిగా ఎదుర్కొన్నవాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. వెతుకుతుంటే ఒక చిన్న సంగతి కనబడింది. ఇప్పుడు కొవ్వాడలో అనుకుంటున్నవి వెస్టింగ్‌హౌస్ వారి ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. కానీ మొదట్లో ఆ స్థలాన్ని కేటాయించింది జీఈ-హిటాచీకి. ఆ జీఈలోనే, యాభై ఏళ్ళ కింద, నాకు కావలసిన మనుషులు దొరికారు.

1976 ఫిబ్రవరి 2న కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, జీఈ అణు విభాగంలో మేనేజర్లుగా ఉన్న ముగ్గురు ఇంజినీర్లు ఒకే రోజు రాజీనామా చేశారు. డేల్ బ్రైడెన్‌బా, రిచర్డ్ హబ్బర్డ్, గ్రెగరీ మైనర్. రెండు వారాలకి, 18వ తేదీన, అమెరికన్ కాంగ్రెస్ అణుశక్తి సంయుక్త సంఘం ముందు కూర్చుని, తాము ఇన్నేళ్ళూ కట్టి అమ్మినవి ఎందుకు సురక్షితం కావనుకుంటున్నారో సాక్ష్యం చెప్పారు. అదే నెలలో నియంత్రణ సంస్థ ఎన్నార్సీ నుంచి రాబర్ట్ పొలార్డ్ అనే ఇంజినీరు కూడా బయటికొచ్చేశాడు.

ముగ్గురిలో బ్రైడెన్‌బా కథ నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆయన చేతిలో ఉన్న పని మార్క్ వన్ అనే పాత డిజైన్ని మళ్ళీ సమీక్షించడం. రియాక్టర్ చుట్టూ తలకిందులుగా పెట్టిన బల్బు ఆకారంలో ఒక ఉక్కు గది. దాని అడుగున, చుట్టూరా, చిల్లుగారె ఆకారంలో సగం దాకా నీళ్ళున్న పెద్ద తొట్టి. లోపల పైపు పగిలి ఆవిరి ఎగదన్నితే, అది గొట్టాల్లోంచి ఈ నీళ్ళలోకి దిగి చల్లారి నీరైపోవాలి. నీరైతే చోటు తక్కువ పడుతుంది కాబట్టి బయటి కట్టడం చిన్నగా, చవగ్గా కట్టుకోవచ్చు. తెలివైన ఆలోచనే. అయితే మార్క్ త్రీ అనే కొత్త డిజైన్ కోసం చేసిన పరీక్షల్లో, గాలీ ఆవిరీ ఒక్క ఉదుటున దిగినప్పుడు నీళ్ళు ఎగిరి ఆ తొట్టిని కొట్టే దెబ్బ పాత లెక్కల్లో లేదని 1975 నాటికి తేలింది. అప్పటికే చాలా చోట్ల మార్క్ వన్‌లు కరెంటు ఇస్తున్నాయి. లెక్కలు తేలేదాకా వాటిని ఆపాలేమో అన్నది బ్రైడెన్‌బా ప్రశ్న. ఆపితే జీఈ అణు వ్యాపారమే మూతపడుతుందన్నది పైనుంచి వచ్చిన జవాబు. ఇది తరవాతి రోజుల్లో ఆయన చెప్పుకున్న మాట.

ఇందులో కంపెనీ దురాశ తప్ప ఏముంది అని తీసిపారేయొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ అంతకు నాలుగేళ్ళ ముందు, 1972 సెప్టెంబరులో, ప్రభుత్వంలోనే ఇదే సంభాషణ జరిగింది. అణుశక్తి సంఘంలో భద్రతా నిపుణుడు స్టీఫెన్ హనావర్, ఇలా నీళ్ళతో ఒత్తిడి తగ్గించే డిజైన్లని ఇకమీదట ఒప్పుకోకుండా ఉంటే మంచిదని అంతర్గతంగా ఒక నోట్ రాశాడు. కొద్ది రోజులకే జోసెఫ్ హెండ్రీ జవాబిచ్చాడు. ఆలోచన కొన్ని విధాల ఆకర్షణీయంగానే ఉందన్నాడు. కానీ ఈ పద్ధతి అందరి మనసుల్లో పాతుకుపోయిందనీ, ఇప్పుడు వెనక్కి తిప్పితే అణువిద్యుత్తుకే అది ముగింపు కావచ్చనీ దాని సారాంశం. ఈ హెండ్రీయే తరవాత ఎన్నార్సీ ఛైర్మన్ అయ్యాడు. 1979 మార్చిలో త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే.

హెండ్రీని విలన్ని చెయ్యడం తేలిక. నాకైతే ఆయనలో నేనే కనబడ్డాను. ఆయన హనావర్‌ది తప్పని కొట్టెయ్యలేదు. అది ఒప్పయితే మనం కట్టాల్సిన మూల్యం చాలా ఎక్కువ అన్నాడు. రెండూ వేర్వేరు వాక్యాలు. మీటింగ్ గదుల్లో మాత్రం ఒకటిగానే వినిపిస్తాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట పనిచేసిన ఒక కంపెనీలో, ఒక పెద్ద రిలీజ్‌కి నేను సైనాఫ్ ఇవ్వాలి. లోడ్ టెస్ట్ అసలు రద్దీలో సగానికే చేశాం. మిగతా సగానికి టైమ్ లేదు. ఫారంలో 'రిస్క్' అనే గడి ఉంది: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. 'తెలీదు' అనే గడి లేదు. మధ్యస్థం అని పెడితే రిలీజ్ రెండు వారాలు వెనక్కి పోతుంది, నలభై మంది నావైపు చూస్తారు. 'తక్కువ' అని పెట్టాను. ఏమీ జరగలేదు. సిస్టమ్ బ్రహ్మాండంగా నడిచింది, మా టీమ్‌కి మెచ్చుకోలు మెయిల్ వచ్చింది. ఏమీ జరగకపోవడం వల్ల నేను చెప్పింది నిజమైపోయిందని చాలా కాలం అనుకున్నాను. 2011లో ఫుకుషిమా తరవాత ప్రశ్నలొచ్చినప్పుడు జీఈ కూడా, మార్క్ వన్ నలభై ఏళ్ళుగా నమ్మకంగా పనిచేసిందనే అంది.

ఫుకుషిమా డైచీలో ఆరు రియాక్టర్లుంటే అయిదు మార్క్ వన్‌లే. అయినా బ్రైడెన్‌బా జోస్యం ఫలించిందని రాసేవాళ్ళతో నేను ఏకీభవించను. 1975లో ఆయన భయపడింది నీటి దెబ్బకి. ఆ లోపాన్ని తరవాత మార్పులు చేసి సరిదిద్దారు. ఫుకుషిమాలో జరిగింది సునామీకి కరెంటు మొత్తం పోయి, చల్లబరిచే దారి లేక, కోర్ కరిగిపోవడం. ఆ రోజుల్లో విలేకరులు అడిగితే ఆయన కూడా మార్పులు జరిగాయనే చెప్పాడు. ఆ చిన్న కట్టడం మాత్రం మిగతావాటికన్నా కొంచెం బలహీనమేనన్నాడు. ముప్ఫై అయిదేళ్ళు ఆగి, 'నేను ముందే చెప్పానుగా' అనే అవకాశం చేతికొచ్చినప్పుడు కూడా 'కొంచెం' అనే మాట వదలని మనిషి. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే, రాజీనామా దగ్గర కాదు.

రాజీనామా సంగతి అంత సూటిగా లేదు మరి. ఆ ముగ్గురికీ క్రియేటివ్ ఇనిషియేటివ్ ఫౌండేషన్ అనే ఒక ఆధ్యాత్మిక సంస్థతో సంబంధం ఉంది. ఆ ఏడాది జూన్‌లో కాలిఫోర్నియాలో అణు కేంద్రాల మీద ప్రొపోజిషన్ 15 అనే ప్రజా ఓటింగ్ ఉంది, ఆ సంస్థ మనుషులు దాని కోసం ప్రచారం చేస్తున్నారు. కాబట్టి ఇదంతా నాటకం అన్నారు అవతలివాళ్ళు. (ఆ ప్రతిపాదన ఓడిపోయింది, దాదాపు రెండుకి ఒకటి తేడాతో.) తరవాత ముగ్గురూ తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఎంహెచ్‌బీ టెక్నికల్ అసోసియేట్స్ అని కన్సల్టింగ్ కంపెనీ పెట్టుకున్నారు. స్వీడన్‌ కోసం బార్సెబెక్ కేంద్రం మీద అధ్యయనం చేశారు. న్యూయార్క్ దగ్గర షోరమ్ కేంద్రం కేసులో సఫోక్ కౌంటీ తరఫున సాక్ష్యమిచ్చారు. 'ది చైనా సిండ్రోమ్' సినిమాకి సలహాదారులు కూడా వాళ్ళే. సినిమా విడుదలైన పన్నెండు రోజులకి త్రీ మైల్ ఐలాండ్ జరిగింది. అంటే మునుపు కట్టినందుకు జీతం, ఇప్పుడు కట్టొద్దన్నందుకు ఫీజు.

మరి ఎవరి మాట నమ్మాలి? డబ్బు తీసుకోని నిపుణుడు ఎక్కడా ఉండడు. ఉన్నా వాడికి లోపలి సంగతులు తెలియవు. రియాక్టర్ లోపల ఏముందో తెలియాలంటే ఎవరో ఒకరు జీతమిచ్చి పదేళ్ళు లోపల ఉంచుకోవాలి. కాబట్టి 'ఎవరి డబ్బు' అన్న ఒక్క ప్రశ్నతో తేలేది కాదు ఇది. నేను ఇంకోటి అడగాలనుకుంటున్నాను. డబ్బిచ్చినవాడికి నష్టం కలిగించే జవాబు ఈ మనిషి ఎప్పుడైనా చెప్పగలిగాడా? చెప్తే ఉద్యోగంలో ఉండగానే వినే చోటు ఒకటి ఉందా? జీఈ ముగ్గురి విషయంలో నాకు బాధ కలిగించేది రెండోదే. వాళ్ళు లోపలున్నన్నాళ్ళూ ఆ మాట మెమోగానే ఉండిపోయింది. సాక్ష్యం కావడానికి రాజీనామా కావలసొచ్చింది.

మన దగ్గర ఆ చోటు మరీ ఇరుకు. అమెరికాలో ప్రోత్సహించేదీ నియంత్రించేదీ ఒకే సంస్థగా ఉండకూడదని 1974లో చట్టం చేసి, మరుసటి ఏడు ఎన్నార్సీని విడిగా పెట్టారు. మనం 1983లో ఏఈఆర్‌బీని పెట్టుకున్నాం గానీ, అది నివేదించుకుంటూ వచ్చింది అణుశక్తి కమిషన్‌కి. ఆ కమిషన్ ఛైర్మనే అణుశక్తి శాఖ కార్యదర్శి. ఆ శాఖ కిందే అణు కేంద్రాలు నడిపే ఎన్‌పీసీఐఎల్. 1993 నుంచి 1996 దాకా ఏఈఆర్‌బీ ఛైర్మన్‌గా చేసిన ఎ. గోపాలకృష్ణన్ 130 భద్రతా సమస్యలతో ఒక నివేదిక తయారుచేయించాడు. ఆయన మాట జనానికి గట్టిగా వినబడింది మాత్రం పదవి దిగాకే. 2012లో కాగ్ కూడా ఈ నియంత్రణ సంస్థకి తగినంత స్వతంత్రత లేదనే రాసింది.

కోర్టు సంగతేమిటి? 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలో ఒక విచిత్రం ఉండేది. మామూలు సాక్షి తాను చూసిందీ విన్నదీ మాత్రమే చెప్పాలి, అభిప్రాయం చెప్పకూడదు. నిపుణుడికి మాత్రం 45వ సెక్షన్ ఆ అభిప్రాయాన్నే సాక్ష్యంగా అనుమతించేది. అంటే చట్టమే దాన్ని అభిప్రాయం అంటోంది, మనం నిజం అని వింటున్నాం. ఈ తేడాని బాగా పట్టుకున్నది ఒక తెలుగు జడ్జిగారు. హైదరాబాద్ మంచినీటి చెరువులు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ దగ్గర ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ గురించిన కేసులో, 1999లో జస్టిస్ ఎం. జగన్నాధరావు సుప్రీంకోర్టు తీర్పు రాస్తూ, సైన్స్ అనిశ్చితి గురించి పేజీల కొద్దీ చర్చించారు. హాని ఉందని జనం రుజువు చెయ్యడం కాదు, హాని లేదని చూపించే భారం కట్టేవాడిదే అన్న సూత్రాన్ని నిలబెట్టారు. 2013లో కూడంకుళం కేసు వచ్చేసరికి అదే సుప్రీంకోర్టు, నిపుణుల సంఘాలన్నీ సురక్షితమన్నాయి కాబట్టి అనే వైపు మొగ్గి, పదిహేను ఆదేశాలతో కేంద్రాన్ని నడుపుకోమంది. తీర్పు తప్పని అనేంత చదువు నాకు లేదు. ఆ సంఘాల్లో ఉన్నవాళ్ళకి ఇచ్చిన ఫారంలో 'తెలీదు' అనే గడి ఉందా అని మాత్రం అనుమానం.

అణువిద్యుత్తు వద్దని నేను అనడం లేదు. బొగ్గు పొగకి పోయే ప్రాణాలకి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. ఈ లెక్క వేస్తే రియాక్టర్లే మేలని తేలొచ్చు కూడా. తేలితే ఆ లెక్కని మా మావయ్యకి చూపించి చెప్పాలి.

ఉగాదికి మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పాను: "మావయ్యా, మొన్న పర్లేదన్నాను గానీ, నిజానికి నాకు తెలీదు." ఆయనేం కోప్పడలేదు. "మరి తెలిసినోలు వొస్తే ఏటడగాలో రాసిచ్చీ" అన్నాడు. చేటంత కాయితం తెచ్చాడు. కరెంటు మొత్తం పోతే ఎన్ని గంటలు చల్లబరచగలరు, తుపాను రోజు ఊళ్ళు ఖాళీ చేయించే దారి ఏది, వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతారు, ఈ మూడూ తెలుగులో రాశాను. నాలుగోది ఆయనే చెప్పాడు: జవాబు చెప్పేవాడికి జీతం ఎవరిస్తన్నారు?

అదొక్కటే అడిగితే తేలదు మావయ్యా అని, జీఈ ముగ్గురి కథా చెప్పాను. అంతా విన్నాడు.

"సరే గానీ, అదీ ఉండనీ" అన్నాడు.