కప్పడమా, కడగడమా?

ఒక నేలను పాడుచేసినవాడు దాన్ని బాగుచేస్తానని పథకం రాసి ఇచ్చాడనుకుందాం. కొంతకాలం పోయాక ఆ పథకాన్ని సవరిస్తానన్నాడు. తవ్వి తీసేస్తానన్నవాడు కప్పి వుంచుతానన్నాడు. ఇక్కడే శుద్ధి చేస్తానన్నవాడు మరోచోటికి పంపిస్తానన్నాడు. ఈ సవరణ న్యాయమా, అన్యాయమా? అది ఇంజనీర్లు తేల్చుకోవలసిన విషయమని చాలామంది అంటారు. నేను కాదంటాను. ఎంత లోతు తవ్వాలి, ఎంత మందాన మట్టి పొయ్యాలి అన్నది ఇంజనీరే చెప్పాలి, సందేహం లేదు. కాని ఎంత కడిగినా కొంత విషం మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని ఎవరు మొయ్యాలి అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. మోసేవాళ్లు ఎప్పుడూ ఒకే రకం మనుషులు కావడం వల్ల అది వర్గ ప్రశ్న కూడా.

గాలిలో వాదించడం నాకిష్టం లేదు కనక హైదరాబాదుకు ఉత్తరాన వున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్నే తీసుకుంటాను. ఒక పక్క జీడిమెట్ల పారిశ్రామికవాడ. దానికి అవతల దుండిగల్‌లో 2001 నుంచీ పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలను పాతిపెడుతున్న స్థలం. పారిశ్రామికవాడల వెనక తుక్కు గోడౌన్లు: మందుల కంపెనీల్లో ఖాళీ అయిన డ్రమ్ములు, పాత బ్యాటరీలు, మోటార్ల రాగి తీగలు, గ్యాస్ కట్టరు పట్టుకుని కూర్చున్న కుర్రాడు. తూర్పున జవహర్‌నగర్ కొండ. దేవుడు పెట్టిన కొండ కాదు, నగరం పోసిన కొండ. 2016లో జిల్లాలు చీల్చకముందు అది శామీర్‌పేట మండలంలోదే. ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోది. సుమారు 350 ఎకరాల స్థలం. అందులో ఏళ్ల తరబడి పోగుబడిన పాత చెత్త కోటీ ఇరవై లక్షల టన్నులని లెక్క. తొక్కలూ ఎంగిలాకులే అయితే ఎరువైపోయేవి. బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగుల డబ్బాలు, కాలం చెల్లిన మందులు, చిన్న కార్ఖానాల తుక్కు కూడా అందులోనే పడ్డాయి. అందుచేత దాన్ని ఊరి చెత్త అనడం సగం నిజమే.

ఈ కొండను ఏం చెయ్యాలి? 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడాయి. పాత కుప్పలను పరీక్షించి, వీలున్నచోటల్లా తవ్వి, జల్లెడపట్టి, మట్టిని మట్టిగా, ఇనుమును ఇనుముగా, ప్లాస్టిక్కును ప్లాస్టిక్కుగా వేరుచెయ్యమన్నాయి. దీన్నే బయోమైనింగ్ అంటున్నారు. అలా చేసే అవకాశం లేనిచోట మాత్రమే శాస్త్రీయంగా కప్పమన్నాయి. అంటే తవ్వడం నియమం, కప్పడం మినహాయింపు. జవహర్‌నగర్‌లో మినహాయింపే అమలయింది. 140 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుపెట్టి కొండకు మూత వేశారు. వాలు సరిచేసి, మట్టి పరిచి, నీరు దిగని పొర వేసి, ఆపైన మళ్లీ మట్టి పోసి గడ్డి పెంచడం, లోపలి వాయువులు పోవడానికి గొట్టాలు నిలబెట్టడం దీని పద్ధతి. దూరాన్నించి చూస్తే ఇప్పుడది నిజంగానే పచ్చని కొండ.

మా మిత్రుడొకాయన, ఇంజనీరు, దీన్ని సమర్థిస్తాడు. ఆయన వాదాన్ని తేలిగ్గా తీసిపారెయ్యడానికి వీల్లేదు. కోటి టన్నులు తవ్వాలంటే ఏళ్లు పడుతుంది, తవ్వినన్నాళ్లూ దుమ్ము లేస్తుంది, లోపల ముసురుకున్న వాయువు అంటుకుంటుంది, వాన పడితే తెరిచిన గుంటలోంచి నల్లనీళ్లు ఊళ్ల మీదికి వస్తాయి. తవ్వి తీసిన ప్లాస్టిక్కును కొనేవాడేడీ, జల్లెడ పట్టిన మట్టిని పొలంలో వేసుకునేవాడేడీ అంటాడు. పుండు మానేదాకా కట్టు కట్టి వుంచడం వైద్యం కాదా అని అడుగుతాడు.

ఈ వాదంలో నిజముంది. దాన్ని ఒప్పుకోవడానికి మనవాళ్లలో కొందరు జంకుతారు. సవరణ అన్న మాట వినగానే ద్రోహం అని కేకవెయ్యడం మనలో కొందరికి అలవాటయిపోయింది. మొదటి పథకం ప్రజల పథకం, రెండోది పెట్టుబడిదారుల పథకం అని ముందే తీర్పు చెప్పేస్తారు. మొదటి పథకాన్ని మాత్రం ప్రజలు రాశారా? అదీ ఏదో కన్సల్టెంటు గదిలో తయారయిందే. పైగా, తవ్వి తియ్యాలి అని వేదిక మీద నిలబడి మనం అన్నప్పుడు, ఆ తవ్వేది మనం కాదు. ముక్కుకు ఒక గుడ్డ చుట్టుకుని రోజుకూలీకి వచ్చినవాడు తవ్వుతాడు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రమొకటి తుక్కు దుకాణానికి చేరింది. అందులో కోబాల్టు-60 వుందని దాన్ని విడగొట్టినవాళ్లకు తెలియదు. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. చదువుల ఆలయం తన గది శుభ్రం చేసుకుంది. ఆ శుభ్రతకు తుక్కు కార్మికుడు ఒళ్లు కాల్చుకున్నాడు. ఏ కుప్పలో ఏముందో తెలుసుకోకుండా, తవ్వేవాడికి రక్షణ లేకుండా, తవ్వి తీరాలనడం విప్లవం కాదు.

కాబట్టి పథకాన్ని సవరించకూడదని నా వాదం కాదు. భూమిని తవ్వినకొద్దీ కొత్త సంగతులు బయటపడతాయి. వాటిని చూసి కూడా పథకం మార్చనివాడు మూర్ఖుడు. నేనడిగేది ఒకటే: సవరణకు ముందు బరువు ఎవరి మీద వుంది, సవరణ తర్వాత ఎవరి మీదికి వెళ్లింది?

ఈ కొలత పట్టుకుని పటాన్‌చెరు చూద్దాం. అక్కడి పరిశ్రమల విషం నక్కవాగులో కలిసి, చెరువులూ పొలాలూ చెడిపోయి, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. దాన్నించి వచ్చే నీళ్లు సరిపడినంత శుభ్రంగా లేవు. అప్పుడు వచ్చిన ఉపాయం 18 కిలోమీటర్ల గొట్టం. ఆ నీళ్లను నగరపు మురుగుకాలవలో కలిపి, అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపి, అక్కణ్ణించి మూసీకి వదలడం. నక్కవాగుకు కొంత ఊపిరాడింది, కాదనను. కాని గృహాల మురుగును శుద్ధి చెయ్యడానికి కట్టిన కేంద్రానికి రసాయనాల ఉప్పును పట్టుకునే శక్తి లేదు. అది మరింత నీళ్లలో పలచబడుతుంది, అంతే. పలచబడి మూసీలో దిగి, మూసీ నీళ్లు పెట్టి వరి పండించే నల్లగొండ రైతు మడిలోకి పోతుంది. మంజీర వైపు రైతు బరువు మూసీ రైతు నెత్తికెక్కింది. మధ్యలో పరిశ్రమ మీద వున్న బరువు ఎంత తగ్గిందో లెక్క కట్టుకోండి. ఏంగెల్స్ 1872లో ఇళ్ల సమస్య మీద రాస్తూ, బూర్జువా వర్గం రోగాల పుట్టలను రూపుమాపదు, వాటిని ఇక్కణ్ణించి అక్కడికి జరుపుతుంది అన్న అర్థంలో ఒక మాటన్నాడు. మురికివాడల గురించి అన్నాడు గాని, గొట్టాల గురించి అన్నట్టే వుంటుంది.

భోపాల్ కథ ఇంకా నిలువెత్తు ఉదాహరణ. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణలో నలభై ఏళ్లు పడివున్న 337 టన్నుల వ్యర్థాన్ని జర్మనీ పంపాలని ఒకసారి అనుకున్నారు, 2012లో అది చెడింది. చివరికి 2025 జనవరి మొదట్లో సీలు వేసిన కంటెయినర్లలో ఇండోరు దగ్గరి పీథంపూర్‌కు తరలించి, ఆ ఏడు మధ్యకల్లా కాల్చేశారు. పీథంపూర్ జనం వీధుల్లోకి వచ్చారు. కాల్చగా మిగిలిన బూడిదా తదితరాల బరువు, సున్నం వగైరా కలవడం వల్ల, అసలు సరుకుకు రెట్టింపును మించింది. దాన్నెక్కడ పాతాలన్న తగాదా మళ్లీ మొదలయింది. భోపాల్ ఆవరణ కింద మట్టిలోనూ బావుల్లోనూ వున్నది అక్కడే వుంది.

ఈ రెండు చోట్లా బరువు ఒక ఊరి నుంచి మరో ఊరికి జరిగింది. జరగడం కంటికి కనిపిస్తుంది కనక తగాదా పడ్డారు. జవహర్‌నగర్ సంగతి దీనికంటే సున్నితమైనది. అక్కడ బరువు కాలంలో జరిగింది.

మూత ఎలా పనిచేస్తుందో చూడండి. పైనుంచి కొత్త వాన లోపలికి దిగకుండా అది ఆపుతుంది. మంచిదే. కాని ఆ పాత కుప్ప అడుగున పొర లేదు. లోపల అప్పటికే వున్న తడి, కుళ్లుతున్నకొద్దీ వూరే తడి, కిందికీ పక్కలకీ పోతూనే వుంటుంది. కింద వున్నది గ్రానైటు రాయి. నీళ్లు అందులో సమంగా ఇంకవు, పగుళ్ల వెంబడి పరుగెత్తుతాయి. అందుకే ఒక ఇంటి బోరు చెడి, పక్క ఇంటి బోరు బాగుండవచ్చు. మరుసటి ఏడు అది తారుమారు కావచ్చు. మల్కారం చెరువు ఆ నల్లనీళ్లతో నిండిన సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. మూత వేశాక కూడా ఆ నీళ్ల కోసం రోజుకు 20 లక్షల లీటర్లు శుద్ధిచేసే కేంద్రం ఒకటి 2023లో తెరవవలసి వచ్చిందంటే, మూతతో పని పూర్తికాలేదని కట్టినవాళ్లే ఒప్పుకున్నట్టు.

తవ్వి వేరుచేసిన పని ఎంత కష్టమైనా ఒకనాటికి పూర్తవుతుంది. మూతకు పూర్తి కావడం అంటూ లేదు. అది రేపూ చూడాలి, ఎల్లుండీ చూడాలి. చెట్టు వేరు పొరను చీలుస్తుంది, కుప్ప కుంగి వాలు పగులుతుంది, గొట్టం పూడుతుంది. ఆ 2016 నియమాలు మూతవేసిన స్థలాన్ని కనీసం పదిహేనేళ్లు కనిపెట్టి చూడమన్నాయి. సీసం, కాడ్మియం పదిహేనేళ్లకు రాజీనామా ఇచ్చిపోవు. అవి లోహాలు, కుళ్లవు, ఆరవు, వాటికి ముసలితనం లేదు. కనక ఈ సవరణలో ఖర్చు తగ్గిందని చెప్పేవాళ్లు నిజానికి చెబుతున్నది, మనం తీర్చవలసిన దాంట్లో కొంత ఇంకా పుట్టని వాళ్ల ఖాతాలో రాశామని. మార్క్స్ పెట్టుబడి మూడో సంపుటంలో ఒకచోట, ఏ సమాజమూ భూమికి యజమాని కాదనీ, అనుభవించి తర్వాతి వాళ్లకు మెరుగుపరిచి అప్పగించవలసినది మాత్రమే అనీ అంటాడు. మన పార్టీ తరగతుల్లో మిగులు విలువ దగ్గర ఆగిపోయి ఈ పేజీ దాకా రావడం తక్కువ.

1942 నుంచి పదేళ్లకు పైగా అమెరికాలో నయాగరా ఊళ్లోని లవ్ కెనాల్ అనే గుంటలో హుకర్ కెమికల్ కంపెనీ దాదాపు ఇరవైవేల టన్నుల రసాయనాలు పాతింది. బంకమట్టితో కప్పి, 1953లో ఒకే ఒక డాలరుకు బడుల బోర్డుకు అమ్మింది. తర్వాత ఏం జరిగినా మా బాధ్యత లేదని దస్తావేజులో రాసుకుంది. బడి కట్టారు, ఇళ్లు కట్టారు, కట్టేటప్పుడు మట్టి మూత చీలింది. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ మూత వేసినప్పుడు పనికిమాలిన మూత కాదు. దాన్ని గుర్తుపెట్టుకోవలసిన వాళ్లు మరిచిపోయారు, అంతే. మేడ్చల్ జిల్లాలో గజం భూమి ధర ఎరిగినవాళ్లకు, పచ్చని కొండ పక్కన ఎంత తొందరగా మరుపు వస్తుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇక ఈ లెక్కల్లో ఎక్కడా కనబడని మనుషులున్నారు. కొండ మీద ఇనుమూ సీసాలూ ఏరి బతికినవాళ్లు. నగరానికి బయోమైనింగ్ అన్న మాట తెలియకముందే వాళ్లు ఆ పని చేత్తో చేశారు. తవ్వినా కప్పినా ముందుగా పోయేది వాళ్ల జీవనం. తవ్వే పథకంలో వాళ్లకు కనీసం పని వుండే అవకాశముంది, చేతికి తొడుగులూ నెలజీతమూ అడిగే అవకాశముంది. కప్పే పథకంలో వాళ్లకు కంచె మాత్రమే వుంటుంది. నా ఇంజనీరు మిత్రుణ్ణి ఈ మాట అడిగితే, అది మా అంచనా పట్టికలో రాదు అన్నాడు. నిజాయితీగల జవాబు. ఆ పట్టిక రాసేవాడే మారాలని అనుకున్నాను.

2025 జులైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమాలు తెచ్చింది. అనుమానం వున్న స్థలాలను గుర్తించడం, పాడుచేసినవాణ్ణి పట్టుకుని ఖర్చు పెట్టించడం, వాడు దొరక్కపోతే ప్రభుత్వాలు భరించడం, ఇవన్నీ వాటిలో వున్నాయి. చెత్త కుప్పల్ని మాత్రం, వాటిలోని రసాయన కాలుష్యం హద్దు దాటితే తప్ప, వాటి పరిధి బయట వుంచారు. తుక్కు గోడౌన్ల నేలకు ఈ నియమాలు పనికొస్తాయి. గోడౌన్ యజమాని అద్దెకున్నవాడు, అద్దెకున్నవాడి వెనక డ్రమ్ములమ్మిన కంపెనీ. ఈ ముగ్గురిలో పాడుచేసినవాడెవరన్న తగాదాలో చివరికి గ్యాస్ కట్టరు పట్టిన కుర్రాణ్ణే ముద్దాయిని చేసే నేర్పు మన యంత్రాంగానికుంది. అందుకని అడగవలసింది ఇప్పుడే అడగాలి. సవరణ ప్రతిపాదన తెలుగులో రావాలి. ఏ బోరులో ఏ లోహం ఎంత వుందో ఇంటింటికీ తెలియాలి. సవరణకు ముందు బరువూ తర్వాతి బరువూ ఎవరెవరివో పక్కపక్కన రాసి చూపాలి. దమ్మాయిగూడలోనో మల్కారంలోనో కూర్చున్న జనం వద్దంటే, వద్దన్నందుకు పథకం ఆగాలి. ఇప్పుడు జరిగే ప్రజాభిప్రాయ సేకరణల్లో జనం వద్దన్నది మినిట్స్‌లో ఎక్కుతుంది, అనుమతి మరుసటి నెల వస్తుంది.

జనానికి సాంకేతిక జ్ఞానం లేదంటారు. బావి నీళ్లు ఏ నెలలో రంగు మారాయో, ఏ మబ్బుకు వాసన లేస్తుందో, ఏ గేదె ఎప్పుడు ఈచుకుపోయిందో వాళ్లకు తెలిసినంత ఏ నివేదికకూ తెలియదు. దాన్ని లోహాల లెక్కతో జతచేసే పని మన కాలేజీల కెమిస్ట్రీ లెక్చరర్లు చెయ్యగలరు. విద్యార్థులు సీసాలు పట్టుకుని ఊళ్లు తిరగగలరు. ఏడాదికి రెండుసార్లు, వానకు ముందొకసారి, తర్వాతొకసారి. ఇప్పుడు మొదలుపెడితే, మూత మీద కాపలా గడువు తీరే 2030ల నడుమకు కొన్నేళ్ల లెక్క చేతిలో వుంటుంది. ఆనాడు గడువు పొడిగించాలా, మూత విప్పి తవ్వాలా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. కంపెనీ దగ్గర తన లెక్క ఎలాగూ వుంటుంది.