శునకస్వప్నము – దయావిచారము

కోనసీమ పల్లెలలో మధ్యాహ్నపు వేళ కొబ్బరితోటల నీడన కుక్కలు నిద్రించుట నిత్యము కనబడు దృశ్యమే. అమలాపురమైనను, రాజోలైనను, కొత్తపేటయైనను అరుగు ప్రక్కనో, కొబ్బరిపీచు పోగుమీదనో ఒక కుక్క ముడుచుకొని పడుకొనని వీధి అరుదు. ఆ నిద్రను క్షణకాలము నిలిచి చూచువారు మాత్రము తక్కువ. మొదట ఊపిరి సమముగా సాగును. కొంతసేపటికి మూసిన రెప్పల క్రింద కన్నులు కదలును. మీసములు అదరును. ముందరి కాళ్లు పరుగెత్తుచున్నట్లు కొట్టుకొనును. నోరు తెరువకయే గొంతులో చిన్న మొరుగు పుట్టును. ఒకప్పుడు తోక నేలను రెండుసార్లు తట్టును. మరియొకప్పుడు దీనమైన మూలుగు వెలువడును.

ఇది విని ఇంటివారు కొందరు నవ్వుకొందురు. కొందరు రాయి విసరుదురు. రాత్రివేళ కుక్క ఏడ్చినచో దానికి యమదూతలు కనబడిరనియు, చావు సమీపించినదనియు పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకము మేల్కొని ఊళపెట్టు కుక్కను గూర్చినది. అయినను నిద్రలో మూలిగిన కుక్కకు గూడ దాని ఫలము దెబ్బల రూపమున దక్కుచున్నది. కలలో భయపడినందుకు మెలకువలో శిక్షింపబడుట మనుష్యులలో జరిగినచో దానిని అన్యాయమందుము. కుక్క విషయమున ఆ ప్రశ్నయే పుట్టదు.

కుక్క కలగనునా? ఈ సందేహము నేటిది కాదు. రెండువేల మూడువందల సంవత్సరములకు పూర్వమే గ్రీసుదేశపు అరిస్టాటిల్ తన జంతుశాస్త్రమున, కుక్కలు నిద్రలో మొరుగుటయే అవి కలగనుటకు సాక్ష్యమని వ్రాసెను. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, మనుష్యులు నిద్రించునపుడు కొంతసేపు కనుగ్రుడ్లు వడిగా కదలుననియు, అప్పుడు లేపినవారు తరచు కల చెప్పుదురనియు ప్రకటించిరి. అట్టి నిద్ర కుక్కకును కలదు. ఫ్రాన్సులోని లియోన్ నగరమున మిషెల్ జువే పిల్లులను పరీక్షించి మరియొక విశేషము కనుగొనెను. ఆ నిద్రలో మెదడు మేల్కొన్నట్లే పనిచేయుచుండగా, మెదడు క్రిందిభాగమునందలి ఒక స్థానము దేహమును కదలకుండ బిగించి యుంచును. ఆ స్థానము చెడిన పిల్లులు నిద్రలోనే లేచి లేని ఎలుకపై దుమికినట్లు ప్రవర్తించెను. ఆ కట్టు కొంత సడలినపుడు బయటపడు కదలికయే కుక్క కాలి తన్నులాట. ఆ కట్టు పసికూనలలో ఇంకను గట్టిపడి యుండదు. ముసలి కుక్కలలో సడలును. అందుచేతనే ఈ కదలికలు వానియందు ఎక్కువగా కనబడును.

2001లో అమెరికాలో లూయీ, విల్సన్ అను వారు ఎలుకలు పగలు పరుగెత్తిన దారి నిద్రలో మరల వాని మెదడులో అదే వరుసన మెదలుట యంత్రములతో గుర్తించిరి. కుక్క కలలో ఏమి చూచునో ఇంతవరకు ఎవరును చూడలేదు. చూచితిమనువారి మాట నమ్మదగదు. కాని ఎలుకకు నడచిన దారి మరల తోచినపుడు, కుక్కకు పడిన దెబ్బ మరల తోచదని ఎట్లు చెప్పవచ్చును?

ఇచటనే ధర్మవిచారము మొదలగును. దెబ్బ క్షణములో ముగియుననియు, పశువు దానిని మరచుననియు కొట్టువాని సమాధానము. కల యున్నచో ఆ సమాధానము నిలువదు. కొట్టినవాడు ఇంటికి పోయి నిద్రించును. కొట్టబడినది నిద్రించియు ఆ కఱ్ఱక్రిందనే యుండవచ్చును. మాండూక్యోపనిషత్తు స్వప్నావస్థయందలి ఎఱుకను అంతర్ముఖమని చెప్పినది. వెలుపల ఏమియు లేకున్నను లోపల అనుభవము కలదని భావము. కల మిథ్య గనుక అందలి బాధ లెక్కింపదగదని కొందరు పండితులు వాదింతురు. ఇది కేవలము వాదచమత్కారము. పసివాడు నిద్రలో వెక్కి ఏడ్చినపుడు ఏ తల్లియు వేదాంతము చెప్పదు, వీపు నిమురును.

తెలుగుదేశమున ఈ ప్రశ్నకు పాత జాడ కలదు. గోదావరి పాయలుగా చీలి కోనసీమను చుట్టుటకు ముందే రాజమహేంద్రవరమును ఒరసికొని పారును. ఆ నగరమున పదునొకండవ శతాబ్దమందు నన్నయభట్టు తెనిగించిన భారతమున ఆదిపర్వమందు మొదటనే ఒక కుక్కపిల్ల ఏడ్పు వినబడును. జనమేజయుని యజ్ఞశాలలో ఆడుకొనుచున్న సారమేయుని రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ వచ్చి, తప్పు చేయనివానిని కొట్టినందుకు ఊహింపని భయములు కలుగునని రాజుతో చెప్పి పోయెను. ఆ శాపమును గమనింపుడు. రాజ్యము పోవుననలేదు, ప్రాణము పోవుననలేదు. కారణము కనబడని భయము వచ్చుననెను. కుక్కపిల్ల నిద్రలో అనుభవించునదియు అట్టి భయమే కదా! పిల్ల భయము రాజునకు పంచియిచ్చినట్లున్నది. అంతటి చక్రవర్తియు శాంతి చేయింప పురోహితుని వెదకుకొనుచు తిరుగవలసి వచ్చెను.

శరణుల చరిత్రలో హావినహాళ కల్లయ్య తన కుక్కచేత వేదము పలికించెనని కథ కలదు. ఆ కథ విద్యాగర్వమును అణచుటకు చెప్పబడినది. ఆ కుక్కకు మాట వచ్చినందున పండితులు తల వంచిరి. వీధికుక్కకు మాట రాదు. మూలుగు మాత్రమే వచ్చును. బసవేశ్వరుడు సకల ప్రాణులయందలి దయనే ధర్మమునకు మూలమన్నపుడు, మాటలాడగల ప్రాణులకే అని హద్దు గీయలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పశువులకు అనవసరమైన నొప్పిని, బాధను కలిగించుటను అడ్డుకొనుటకు పుట్టినది. కాని దేహముపై గాయమునకు సాక్షి దొరకును. కలలోని గాయమునకు సాక్షి యెవడు? అచట చట్టము చేయి చాలదు.

దయ యనగా కుక్కను తాకి లేపుట కాదు. కలలో నున్న దానిని తట్టి లేపినచో యజమానిని గూడ గుర్తింపక కరవవచ్చును. అది దాని దోషము కాదు. పిల్లలను దూరముగా నుంచి, పేరుపెట్టి మెల్లగా పిలిచిన చాలును. పిలువకున్నను తప్పులేదు, కల తానే తీరును. పొరపాటున కరచినచో గాయమును సబ్బుతో, పారునీటితో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. నిద్రలోని కదలిక మాత్రమే పిచ్చికి గుర్తు కాదు. దానిని చూచి పిచ్చికుక్కయని కఱ్ఱ లెత్తరాదు. ఒడలంత కొయ్యవలె బిగిసి, నురుగు క్రక్కి, పిలిచినను తెలివి రానిచో అది కల కాదు, మూర్ఛ. అట్టి కుక్కను పశువైద్యశాలకు కొనిపోవలెను.